మరమ్మతుల లెక్క: నగర విద్యుత్ సంస్థలు నిర్వహణ సాఫ్ట్‌వేర్ కొన్న చరిత్ర

విద్యుత్ సంస్థల చరిత్రలు రాసినవారు ఎన్ని మెగావాట్ల కేంద్రం ఏ సంవత్సరంలో మొదలైంది, తీగలు ఎన్ని ఊళ్లకు చేరాయి, ఎవరు మీట నొక్కి ప్రారంభించారు అన్న విషయాలకే ఎక్కువ పుటలు కేటాయించారు. వేసిన తీగ, పాతిన స్తంభం, గద్దె మీదికి ఎక్కించిన ట్రాన్స్‌ఫార్మర్ ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్ల పాటు ఎవరి సంరక్షణలో ఎలా నిలిచాయన్నది ఆ పుటల్లో కనిపించదు. ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది గాని ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆయిల్ మార్చిన రోజుకు ఉండదు. ఆ రెండో రకపు చరిత్ర ఒకప్పుడు సబ్‌స్టేషన్ బల్ల మీది లాగ్‌బుక్కులో కొంత, సెక్షన్ ఆఫీసు బీరువాలోని రిజిస్టర్లలో కొంత, లైన్‌మన్ జ్ఞాపకంలో అంతకంటె ఎక్కువగా నిలిచి ఉండేది. ఈ మూడింటి స్థానాన్ని ఆక్రమించడానికి వచ్చినదే నిర్వహణ సాఫ్ట్‌వేర్, అంటే సంస్థకున్న ప్రతి పరికరానికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, దానికి ఏ తనిఖీ ఎప్పుడు జరగాలో ముందే నిర్ణయించి, జరిగిన పనిని, వాడిన సామగ్రిని, పట్టిన సమయాన్ని, అయిన ఖర్చును ఒకే చోట చేర్చే కంప్యూటరు వ్యవస్థ. దీన్ని నగరాలు కొన్న తీరును పరిశీలిస్తే, స్తంభం ఎక్కేవారు అడిగినందువల్ల కొన్న సందర్భాలు అరుదని, లెక్కలు కోరిన అప్పుదాత, జవాబు కోరిన నియంత్రణ మండలి, ప్రమాదం తర్వాత కూర్చున్న విచారణ సంఘం దీన్ని ముందుకు నెట్టాయని తేలుతుంది. ఈ పుట్టుక ప్రభావం వ్యవస్థ స్వభావం మీద కూడా పడింది: పైవారికి జవాబు చెప్పవలసిన విషయాలు ఇందులో చక్కగా, పని చేసేవారికి తెలిసి ఉండవలసిన విషయాలు అరకొరగా నమోదవుతూ వచ్చాయి.

కాగితపు నమోదుకు కూడా బయటి ఒత్తిడే మూలం. కలకత్తా విద్యుత్ సరఫరా సంస్థ 1899 ఏప్రిల్ 17న ఇమాంబాగ్ లేన్‌లో తొలి ఉత్పత్తి కేంద్రాన్ని నడిపించిన నాటి నుంచి ఈ దేశపు నగర విద్యుత్తు చాలా కాలం ఆవిరి మీద ఆధారపడింది. ఆవిరి ఉన్న చోట బాయిలరు, బాయిలరు ఉన్న చోట పేలుడు భయం, ఆ భయం వెంట ప్రభుత్వ తనిఖీ అధికారి తప్పలేదు. బ్రిటిష్ ఇండియాలో 1923 నాటి బాయిలర్ల చట్టం ప్రకారం తనిఖీ పత్రం లేకుండా బాయిలరు నడపడం నేరం కాబట్టి, ఎప్పుడు శుభ్రం చేశారు, ఏ గొట్టం మార్చారు, ఎంత పీడనానికి పరీక్షించారు అన్నవి రాసి ఉంచక తప్పేది కాదు. నిజాం రాజ్యంలో విద్యుత్ శాఖ 1910లో ఏర్పడగా, హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కేంద్రం 1920లో వెలిసింది. 22.5 మెగావాట్ల ఆ కేంద్రం ఇప్పుడు లేదు, దాని చిమ్నీలు లేవు; నగర విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం మాత్రం పాత నిజాం టంకశాల ఆవరణలో, నేటికీ మింట్ కాంపౌండ్ అనే పేరుతోనే నడుస్తున్నది.

ఉత్పత్తి కేంద్రంలో అలవాటైన నమోదు పద్ధతి అక్కడి నుంచి సబ్‌స్టేషన్‌కు చేరింది. 33 కేవీ ఒత్తిడితో వచ్చిన విద్యుత్తును 11 కేవీకి దించి, ఫీడర్లనబడే లైన్ల ద్వారా వీధుల వైపు పంపే చోటును సబ్‌స్టేషన్ అంటారు. అక్కడ షిఫ్టుల వారీగా ఆపరేటరు ఉంటాడు కనుక గంట గంటకూ వోల్టేజి, ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఉష్ణోగ్రత లాగ్‌షీటులోకి ఎక్కేవి. ఏ ఫీడరు ఎన్ని గంటలకు ట్రిప్ అయింది, ఏ రిలే పనిచేసి దాన్ని విడగొట్టింది, మళ్లీ ఎప్పుడు చార్జి చేశారు అన్నవి లాగ్‌బుక్కులో చేరేవి. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కినప్పుడు గాలిని బయటికి వదిలి చల్లబడినప్పుడు లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని తేమను పట్టుకోవడానికి బ్రీదరు అనే చిన్న గొట్టంలో సిలికా జెల్ గుళికలు ఉంచుతారు. నీలంగా ఉండే ఆ గుళికలు తేమ ఎక్కి గులాబీ రంగుకు తిరిగితే మార్చాలని ఆపరేటరుకు తెలుసు. చూసి మార్చినా, చూడకుండానే మార్చినట్టు రాసినా పుస్తకంలో పడే వాక్యం ఒకటే కావడం కాగితానికి మొదటి నుంచీ ఉన్న బలహీనత.

ఆ పుస్తకాలన్నింటిలోనూ అబద్ధం చొరబడే అవకాశం అతి తక్కువగా ఉన్నది ఎల్‌సీ బుక్కు. లైన్ క్లియర్‌కు సంక్షిప్తమైన ఈ అనుమతిని తీసుకోనిదే లైన్ మీద పని చేయకూడదు. ఆపరేటరు ఫీడరును ఆపి, స్విచ్ తెరిచి, తీగను భూమికి కలిపి, అనుమతి సంఖ్యను, సమయాన్ని, తీసుకున్నవారి పేరును రాసి ఇస్తాడు. పని ముగించి మనుషులందరూ దిగారని ఆ తీసుకున్నవారే చెప్పి తిరిగి ఇచ్చేదాకా సరఫరా ఇవ్వడు. రాసే చేయి, స్తంభం మీది ప్రాణం ఒకే పనిలో ముడిపడి ఉన్నందువల్ల ఈ పుస్తకానికి దక్కిన శ్రద్ధ ఏ రిజిస్టరుకూ దక్కలేదు. నమోదు నాణ్యతకు నియమం కంటె అవసరమే బలమైన కారణమని చెప్పడానికి విద్యుత్ శాఖలో ఇంతకు మించిన సాక్ష్యం దొరకదు.

అసలు చిక్కు సబ్‌స్టేషన్ గోడ దాటాక మొదలవుతుంది. 11 కేవీని ఇళ్లకు అవసరమైన ఒత్తిడికి దించే పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లు నగరమంతటా వీధి మలుపుల్లో, గుడి పక్కన, పాఠశాల ప్రహరీ వెంట నిలిచి ఉంటాయి. వాటి దగ్గర ఆపరేటరు లేడు, బల్ల లేదు, పుస్తకం లేదు. సబ్‌స్టేషన్లు పదుల్లో, వందల్లో ఉన్న చోట ఇవి వేలల్లో ఉంటాయి. వాటి సంగతి తెలిసినవాడు ఆ ప్రాంతపు లైన్‌మన్ ఒక్కడే. ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎండాకాలం సాయంత్రం అధిక లోడుతో ఫ్యూజులు ఎగరగొడుతుంది, ఏ బుషింగు నుంచి ఆయిల్ కారుతుంది, ఏ వేపచెట్టు కొమ్మ తొలకరి గాలికి తీగకు తగులుతుంది, ఏ ఎర్తింగు గుంటలో నీళ్లు పోయకపోతే పనిచేయదు అన్నవి అతనికి తెలుసు, ఆఫీసుకు తెలియవు. వర్షాకాలానికి ముందు కొమ్మలు నరికి, జాయింట్లు బిగించి, వదులైన తీగలు లాగే వార్షిక పని కూడా చాలావరకు ఈ జ్ఞానం మీదే నడిచింది. మే నెల పత్రికల్లో ‘మరమ్మతుల కారణంగా ఫలానా ఫీడరు పరిధిలో సరఫరా ఉండదు’ అని వచ్చే చిన్న ప్రకటనల వెనుక ఉన్న ప్రణాళిక ఎక్కువసార్లు ఏ కాగితం మీదా లేదు. లైన్‌మన్ బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా ఆ ప్రాంతపు నిర్వహణ చరిత్ర అతనితోపాటు వెళ్లిపోయేది.

పైగా ట్రాన్స్‌ఫార్మర్ స్థిరంగా ఒక చోట ఉండే వస్తువు కాదు. కాలిపోతే దాన్ని దింపి, రోలింగ్ స్టాక్ అనే అత్యవసర నిల్వలోంచి మరొకటి తెచ్చి అదే గద్దె మీద పెడతారు; దింపినది ఎస్‌పీఎం షెడ్డుగా పిలిచే మరమ్మతు కేంద్రానికి పోయి, కాయిల్ చుట్టించుకుని, కొత్త ఆయిల్ నింపుకుని, కొన్ని వారాల తర్వాత వేరే పేటలో వేరే గద్దె ఎక్కుతుంది. సెక్షన్ ఆఫీసు రిజిస్టరు గద్దెను బట్టి, షెడ్డు రిజిస్టరు వస్తువు మీది తయారీ సంఖ్యను బట్టి సాగేవి. ఆసుపత్రిలో మంచానికి ఒక చీటీ, రోగికి ఒక చీటీ ఉండి, ఆ రెండింటినీ కలిపి చూసేవారు లేకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది: ఒక గద్దె మీద ఏడాదికి మూడు ట్రాన్స్‌ఫార్మర్లు కాలితే లోపం ఆ వీధి లోడులో ఉందని, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మూడు గద్దెల మీద కాలితే లోపం ఆ వస్తువులో గాని దాన్ని బాగుచేసినవారి పనితనంలో గాని ఉందని విడదీసి చెప్పే దారి లేకపోయింది. హామీ గడువు లోపల కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను సరఫరాదారు తన ఖర్చుతో బాగుచేయాలన్న ఒప్పంద షరతు కూడా కొన్న తేదీని, తయారీ సంఖ్యను, కాలిన చోటును ఒకేసారి చూడగలిగినప్పుడే అక్కరకు వస్తుంది. తర్వాతి కాలంలో సాఫ్ట్‌వేర్ పరిష్కరించిన సమస్యల్లో సాంకేతికంగా అన్నిటికంటె విలువైనది ఇదే అయినా, ఏ ప్రభుత్వ ప్రకటనలోనూ దీనికి పెద్ద చోటు దక్కలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం పంపిణీ సంస్థల కోసం పుట్టలేదు. యంత్రం చెడ్డాక బాగుచేయడం, చెడకముందే గడువు ప్రకారం విప్పి చూడడం అనే రెండు పద్ధతుల మధ్య వాదం 20వ శతాబ్దం మధ్య నుంచి కర్మాగారాల్లో సాగింది. విమానయాన రంగంలో బోయింగ్ 747 కోసం 1968లో తయారైన నిర్వహణ విధానం, దాని వెంట అమెరికా రక్షణ శాఖ కోసం నౌలాన్, హీప్ 1978లో రాసిన నివేదిక ఈ వాదానికి కొత్త మలుపు ఇచ్చాయి. చాలా భాగాలకు వయసుకూ చెడిపోవడానికీ నేరుగా సంబంధం లేదని, కాబట్టి గడువు చూసి విప్పడం కంటె స్థితి చూసి నిర్ణయించడం మేలని, ఆ నిర్ణయానికి ప్రతి భాగపు వైఫల్య చరిత్ర చేతిలో ఉండాలని ఆ నివేదిక తేల్చింది. చరిత్ర చేతిలో ఉండాలంటే రాసి ఉండడం చాలదు, వెతకగానే దొరకాలి. కంప్యూటరు అవసరం అక్కడ స్పష్టమైంది.

విద్యుత్ రంగంలో ఆ అవసరం మొదట అణు కేంద్రాల్లో గుర్తింపు పొందింది. 1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు, అత్యవసర నీటి సరఫరా మార్గంలో తెరిచి ఉండవలసిన రెండు వాల్వులు మూసి ఉన్నాయి; రెండు రోజుల ముందు జరిగిన పరీక్ష తర్వాత వాటిని తిరిగి తెరవలేదన్నది అందుకు చెప్పిన కారణం. నియంత్రణ గదిలో ఆ సంగతి తెలిపే దీపాల్లో ఒకటి వేలాడుతున్న మరమ్మతు చీటీ వెనుక మరుగున పడింది. మనిషిని కాపాడడానికి కట్టే చీటీయే దీపాన్ని దాచిన ఈ ఘటన తర్వాత అమెరికా అణు కేంద్రాల్లో ఏ పని ఎవరి అనుమతితో మొదలై ఏ స్థితిలో ముగిసిందో నమోదు చేసే నియమాలు కఠినమై, ఆ నియమాలకు అనుగుణమైన సాఫ్ట్‌వేర్లకు గిరాకీ ఏర్పడింది. 1968లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో మొదలైన ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ అండ్ డెవలప్‌మెంట్ అనే సంస్థ 1985లో మాక్సిమో అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. పెద్ద యంత్రాలు అక్కరలేకుండా చిన్న కంప్యూటర్ల మీద నడవడం దాని ఆకర్షణ. ఆ సంస్థ తర్వాత పేరు మార్చుకుని, 2006లో ఐబీఎం చేతికి వెళ్లింది. జర్మనీలో 1972లో పుట్టిన శాప్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 1992లో తెచ్చిన ఆర్/3 అనే వ్యవస్థలో నిర్వహణ ఒక విభాగం మాత్రమే. ఖాతాలు, కొనుగోళ్లు, నిల్వలు, జీతాలతో పాటు మరమ్మతులు కూడా ఒకే లెక్కలోకి వచ్చాయి. గద్దెకు, వస్తువుకు వేర్వేరు గుర్తింపులు ఇచ్చి, ఏ వస్తువు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ గద్దె మీద ఉందో చెప్పే ఏర్పాటు అందులో ఉంది.

నిర్వహణ నమోదు నగర జీవితానికి ఎంత ముఖ్యమో ప్రపంచానికి చాటినది న్యూజిలాండ్‌లోని ఆక్లండ్. అక్కడి పాత విద్యుత్ బోర్డు 1990ల సంస్కరణల్లో మెర్క్యురీ ఎనర్జీ అనే కంపెనీగా మారింది. నగర కేంద్రానికి విద్యుత్తు ప్రధానంగా నాలుగు 110 కేవీ భూగర్భ కేబుళ్ల మీద వచ్చేది. వాటిలో రెండు గ్యాస్ నింపిన పాతకాలపు కేబుళ్లు, రెండు ఆయిల్ నింపినవి. 1998 జనవరి 22న మొదటి గ్యాస్ కేబుల్ చెడింది, ఫిబ్రవరి 9న రెండోది చెడింది, ఆ భారం మీద పడ్డ ఆయిల్ కేబుళ్లు ఫిబ్రవరి 19, 20 తేదీల్లో వరుసగా చేతులెత్తేశాయి. దేశంలోకెల్లా పెద్ద నగరపు వాణిజ్య కేంద్రం ఐదు వారాల పాటు జనరేటర్ల మీద, అత్యవసర ఏర్పాట్ల మీద గడిపింది. అక్కడ పనిచేసే 74,000 మందిలో సుమారు 60,000 మంది ఇళ్లనుంచి గాని వేరే చోట్ల నుంచి గాని పనిచేయవలసి వచ్చింది. రైలుమార్గం వెంట హడావిడిగా వేసిన తాత్కాలిక లైను మార్చి చివర్లో ఊరట కలిగించింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఇది ఒక్క కేబుల్ ప్రమాదం కాదని, కేబుళ్ల అసలు స్థితి, అవి నిజంగా మోయగల భారం, వైఫల్యం వస్తే పర్యవసానం అనే మూడింటినీ సంస్థ తగినంతగా అంచనా వేసుకోలేదని అభిప్రాయపడింది. తయారీదారు చెప్పిన సామర్థ్యం కాగితం మీద అలాగే ఉన్నా, కేబుల్ చుట్టూ ఉన్న మట్టి ఎండిపోయి వేడిని బయటికి పోనివ్వనప్పుడు ఆ సామర్థ్యం నిజం కాదు. ఆ మట్టి సంగతి ఎవరి రిజిస్టరులోనూ ఉండే విషయం కాదు. ఆ తర్వాత బ్రిటన్‌లో 2004లో పాస్ 55 అనే ఆస్తుల నిర్వహణ ప్రమాణం, 2014లో దాని మీద ఆధారపడిన ఐఎస్ఓ 55000 అంతర్జాతీయ ప్రమాణం వెలువడి, ‘మీ ఆస్తుల స్థితి మీకు తెలుసా’ అన్న ప్రశ్నను ప్రతి విద్యుత్ సంస్థ ముందూ ఉంచాయి. ఆ ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ కొనడమే సమాధానమని కొన్న సంస్థలు, అమ్మిన సంస్థలు రెండూ త్వరగానే ఒప్పుకున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ప్రశ్న వేరే దారిలో వచ్చింది. 1959 ఏప్రిల్ 1న ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు నాలుగు దశాబ్దాల పాటు ఉత్పత్తి నుంచి ఇంటి మీటరు దాకా అన్నిటికీ యజమాని. అక్కడ కంప్యూటరు మొదట చేరింది బిల్లుల పనికి; రాబడి లెక్కకు దొరికిన కంప్యూటరు మరమ్మతు లెక్కకు దొరకడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1998 నాటి సంస్కరణల చట్టం 1999 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చి బోర్డును ఉత్పత్తి, ప్రసార సంస్థలుగా విడదీసింది. ప్రపంచ బ్యాంకు రుణం ఆ సంస్కరణకు తోడుగా నిలిచింది. 2000లో పంపిణీ బాధ్యత నాలుగు కంపెనీలకు చేరి, హైదరాబాదు నగరం కేంద్ర విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోకి వచ్చింది. ఒక బోర్డు ఆస్తులను కంపెనీల మధ్య పంచాలంటే ముందు అవి ఏమిటో, ఎక్కడున్నాయో, ఏ వయసువో తెలియాలి. స్థిరాస్తుల రిజిస్టరు అప్పటిదాకా ఖాతాల విభాగపు వ్యవహారం. అందులో ట్రాన్స్‌ఫార్మర్ అంటే రూపాయల్లో ఒక మొత్తం, వీధిలో ఒక వస్తువు కాదు. ఇంజనీరు లెక్కను, అకౌంటెంటు లెక్కను కలపవలసిన అవసరం రావడానికి విభజన దాకా ఆగవలసి రావడం ఆలోచించదగిన విషయం.

రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి రాకతో మరో ఒత్తిడి తోడైంది. చార్జీలు పెంచాలంటే ఖర్చులు బహిరంగ విచారణలో చూపాలి. 2000లో చార్జీల పెంపు మీద లేచిన ఉద్యమం, ఆ ఆగస్టులో హైదరాబాదులోని బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల తర్వాత ఆ అంకెలు రాజకీయంగా కూడా బరువెక్కాయి. మండలి 2004లో తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధన నగరాల్లో ఫ్యూజు పోయిన ఫిర్యాదును నాలుగు గంటల్లో, గ్రామాల్లో 12 గంటల్లో సరిచేయాలని, చెడిన ట్రాన్స్‌ఫార్మర్‌ను నగరాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని, తప్పితే వినియోగదారుకు పరిహారం చెల్లించాలని నిర్దేశించింది. నియమం మంచిదే, కాని గడియారం తిరగడం మొదలయ్యేది ట్రాన్స్‌ఫార్మర్ కాలిన క్షణం నుంచి కాదు, ఫిర్యాదు నమోదైన క్షణం నుంచి. ఫిర్యాదు ఆలస్యంగా నమోదైతే మరమ్మతు సకాలంలో జరిగినట్టు లెక్క తేలుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే ట్రాక్టరులో వేసుకుని షెడ్డుకు తీసుకుపోవడం తెలుగు పల్లెల్లో అందరూ ఎరిగిన దృశ్యం. ఆ ట్రాక్టరు కిరాయికి, పోయిన రెండు రోజులకు ఏ తెర మీదా గడి లేదు. వ్యవసాయానికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల బదులు చిన్నవాటిని ఎక్కువగా పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి వచ్చాక లెక్కించవలసిన వస్తువుల సంఖ్య కూడా పెరిగింది.

నగర పంపిణీకి నిర్వహణ సాఫ్ట్‌వేర్ పెద్దఎత్తున వచ్చినది కేంద్రప్రభుత్వ పథకం వెంట. 2008లో పునర్వ్యవస్థీకరించిన ఆర్-ఏపీడీఆర్‌పీ మొత్తం అంచనా 51,577 కోట్ల రూపాయలు. అందులో 10,000 కోట్లు ‘ఎ’ భాగానికి, అంటే 30,000కు మించిన జనాభా గల పట్టణాల్లో కంప్యూటరు వ్యవస్థలకు కేటాయించారు. నాలుగు లక్షల జనాభా దాటిన నగరాల్లో లైన్లను దూరం నుంచే గమనించి నడిపే స్కాడా వ్యవస్థ కూడా ఇందులో భాగం. డబ్బు పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ ద్వారా అప్పుగా వచ్చేది, పని గడువులోగా పూర్తయి స్వతంత్ర పరిశీలన నెగ్గితే ఆ అప్పు గ్రాంటుగా మారేది. ఏం కొనాలో చెప్పే నమూనా పత్రం దేశమంతటికీ ఒకటే: మీటరింగు, బిల్లింగు, వసూళ్లు, కొత్త కనెక్షన్లు, విద్యుత్ ఆడిట్, భౌగోళిక పటం, వాటి నడుమ ఆస్తుల నిర్వహణ, మరమ్మతుల నిర్వహణ. అమలు చేసే ఐటీ సంస్థను టెండరు ద్వారా ఎంచుకుని, ఈ విభాగాలన్నింటినీ కట్టగట్టి అప్పగించారు.

అంటే ఒక నగరపు విద్యుత్ సంస్థ తన ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు కాలుతున్నాయో ఆలోచించి, అందుకు తగిన సాఫ్ట్‌వేర్ వెతికి కొన్న కథ కాదిది. పథకపు ప్రకటిత లక్ష్యం నష్టాలను 15 శాతానికి దించడం; నష్టమంటే పంపిన యూనిట్లకూ వసూలైన డబ్బుకూ మధ్య తేడా. బిల్లింగు, ఆడిట్ విభాగాలు ఆ లక్ష్యానికి నేరుగా పనికొస్తాయి, మరమ్మతుల విభాగం వాటి బండిలో ఎక్కి వచ్చిన ప్రయాణికుడు మాత్రమే. అప్పు గ్రాంటు కావాలంటే వ్యవస్థ ‘గో-లైవ్’ అయినట్టు నిరూపించవలసి ఉండేది గాని, అందులో లైన్‌మన్ రోజూ వివరాలు నింపుతున్నట్టు నిరూపించనక్కర లేకపోయింది. పథకాన్ని దీనికి తప్పుపట్టడం పూర్తిగా న్యాయం కాదు, ఎందుకంటే ఆ డబ్బు లేకపోతే చాలా పట్టణాల్లో ట్రాన్స్‌ఫార్మర్ల పటం నేటికీ తయారయ్యేది కాదు. అయితే కొలిచేది వేరు, కావలసింది వేరు అయినప్పుడు కొలిచేదే గెలుస్తుందన్నది ఇక్కడా నిజమైంది.

ఆ పటం తయారీయే మొత్తం పనిలో కష్టతరమైన భాగం. సర్వేదారులు ఉపగ్రహ స్థానసూచిక పట్టుకుని వీధి వీధి తిరిగి ప్రతి స్తంభానికీ అక్షాంశ రేఖాంశాలు, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ సామర్థ్యం, తయారీ సంఖ్య, ఫీడరు పేరు రాసుకోవాలి. ఏ ఇల్లు ఏ స్తంభం నుంచి, ఏ స్తంభం ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి విద్యుత్తు తీసుకుంటుందో కలిపి చూపాలి. వినియోగదారుల సూచీకరణ అనే ఈ పని పూర్తయిన మర్నాడే పాతబడడం మొదలవుతుంది: రాత్రి వానలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలి మరొకటి ఎక్కుతుంది, అధిక లోడు తట్టుకోలేక నాలుగు ఇళ్ల కనెక్షన్లు పక్క ఫేజుకు మారతాయి. కాగితపు రోజుల్లో ఈ మార్పులు చేసినవాడి తలలో ఉండేవి; ఇప్పుడు తెర మీదికి రావాలి, తెర ముందు కూర్చునేది మార్పు చేసినవాడు కాదు. అంతకు ముందు నుంచే ఉన్న మరో చిక్కు అంచనాలకు సంబంధించినది. నియమం ప్రకారం అంచనా వేసి, మంజూరు పొంది, స్టోర్సు నుంచి సామగ్రి తీసి పని చేయాలి. గాలివాన రాత్రి మాత్రం పని ముందు జరుగుతుంది, మంజూరు తర్వాత వస్తుంది. రిజిస్టరు ఈ వెనుక తేదీల సర్దుబాటును మౌనంగా మోసింది. నమోదు సమయాన్ని తానే ముద్రవేసే సాఫ్ట్‌వేర్ మోయలేదు. క్షేత్రస్థాయిలో దీనిపట్ల కనిపించిన విముఖతను కంప్యూటరు జ్ఞానలేమిగా కొట్టివేసినవారు ఈ సంగతిని గమనించలేదు.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు హైదరాబాదు కేంద్రంగా ఉన్న సంస్థ తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థగా మారింది. దాని పరిధిలోని అనంతపురం, కర్నూలు జిల్లాలు తిరుపతి కేంద్రంగా ఉన్న సంస్థకు చేరాయి. అదే సంవత్సరం అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడి నగరపు స్తంభాలను, తీగలను నేలకూల్చింది. ఇతర జిల్లాల నుంచి వచ్చిన లైన్ సిబ్బందికి ఆ నగరపు వీధులు తెలియవు. ఏ ఫీడరు ఎటు పోతుందో తెలిసిన స్థానిక లైన్‌మన్ ప్రతి జట్టుతోనూ ఉండడం సాధ్యం కాదు. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో సాగిన పునర్నిర్మాణంలో భాగంగా విశాఖలో కొన్ని ప్రాంతాల లైన్లను భూగర్భ కేబుళ్లుగా మార్చే పని చేపట్టారు.

తీగ నేలలోకి వెళ్లడంతో నిర్వహణ నమోదుకు ఇన్నాళ్లూ లేని గిరాకీ పుట్టింది. కొమ్మ తగిలిన తీగను, పగిలిన ఇన్సులేటరును కింద నుంచి చూసి పట్టుకునే లైన్‌మన్ కన్ను మూడడుగుల మట్టి కింద ఉన్న కేబుల్‌ను చూడలేదు. కేబుల్ చెడితే ఒక చివర నుంచి విద్యుత్ స్పందనను పంపి, అది లోపం దగ్గర తగిలి వెనక్కి వచ్చే కాలాన్ని బట్టి దూరం లెక్కించే పరికరాన్ని వాడతారు. ఆ పరికరం సబ్‌స్టేషన్ నుంచి ఇన్ని మీటర్లని మాత్రమే చెబుతుంది. ఆ మీటర్లు ఏ వీధి మలుపు దగ్గర ముగుస్తాయో, దారిలో కేబుల్ చుట్టగా ఎక్కడ మిగులు పెట్టారో, ఇంతకు ముందు జాయింటు ఎక్కడ వేశారో చెప్పవలసింది వేసిన రోజున నమోదు చేసిన మార్గపటం. అది తప్పైతే గుంట తప్పు చోట పడుతుంది, మళ్లీ తవ్వవలసింది ఆ జట్టే. మంచినీటి గొట్టం కోసమో మురుగుకాలువ కోసమో అదే రోడ్డును తవ్వేవారి చేతిలో కూడా ఆ పటమే ఉండాలి. రుణదాత, మండలి, పథకం అడిగిన లెక్కల వరుసలో, గునపం పట్టినవారు తమ పని కోసం తామే అడిగే లెక్క ఇలా చేరింది.